ఎడమ తలుపు మీద నీలం

ఉరవకొండ
నవంబరు ఆఖరి ఆదివారం

మరదలు నల్లమ్మకు, మీ వదిన కృపాకుమారి ప్రేమతో రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ కోసం, నా తమ్ముడు యేసన్న కోసం పొద్దున లేస్తూనే ప్రార్థన చేస్తాండాను.

కారు చేరింది. మీ వీధి పాపన్న బస్సు డ్యూటీ లేని రోజు చూసుకొని తానే నడుపుకొని వచ్చినాడు. మా రేకుల షెడ్డు కింద నిలిపి, తాళం, నీ జాబు నా చేతిలో పెట్టినాడు. టీ తాగి పోప్పా అంటే కూర్చోలేదు. "అక్కా, యేసన్నకు ఏమైందో కొంచెం కనుక్కో. స్టీరింగు పట్టుకోమంటే పాము చూసినట్ల ఎనక్కి పోతాండాడు" అని మాత్రం చెప్పి పోయినాడు. ఆ మాట నా మనసులోనే తిరుగుతా ఉంది.

మడకశిర బాడుగ నుంచి వస్తాంటే గొర్రె అడ్డమొచ్చి తగిలిందని, ఎడమ పక్కంతా గీతలు పడినాయని రాస్తివి. గీతలు పోయి కారు కొత్తదాని మాదిరి మెరిస్తే క్రిస్మస్ నాటికి తమ్ముడు మళ్ళీ బాడుగలకు పోతాడని నీ ఆశ. నా ఆశ కూడా అదే. మీ అన్న దగ్గర బండలకు పాలిష్ పట్టే మిషన్ ఉండాది కదా. ఆయన అనంతపురంలో ఎవరిదో కొత్త ఇంటి పనిలో ఉన్నాడు, శనివారం గానీ రాడు. నేనే మొదలుపెడతాను. ఫోన్‌లో వీడియోలు చూస్తాండాను. ఎవరెవరో పిల్లలు నవ్వుకుంటా చేసేస్తాండారు. నాకు మాత్రం చూస్తేనే భయమేస్తాండాది.

ముందు కడగాల. నీళ్ళ ట్యాంకరు వచ్చే వీధిలో కారు కడిగితే నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గయింది. బట్టలు జాడించిన నీళ్ళు వాడదామంటే వాటిలో ఇసుక ఉంటుంది, ఆ ఇసుకే మళ్ళీ గీతలు గీస్తుందంట. కడకు తాగే నీళ్ళలోనే కొంచెం మిగిల్చి, మెత్తని గుడ్డ ముంచి తుడుస్తాండాను. మా బోరు నీళ్ళు ఆరితే వక్క రంగు కారు మీద తెల్లటి మచ్చలు పడతాయి.

ఒక మాట అడుగుతాను. గొర్రె తగిలితేనే మగవాడు అంత భయపడతాడా? నడుముకేమన్నా దెబ్బ తగిలిందా? దాచద్దు.

మీ వదిన
కృపాకుమారి


రాయదుర్గం
డిసెంబరు మొదటి వారం

వదినకు నల్లమ్మ వందనాలు.

నీ జాబు పాపన్న తెచ్చిచ్చినాడు. ఫోన్ మాత్రం చెయ్యద్దు. జీన్స్ కుట్టే మిషన్ల మోతకు నా చెవులు ఎట్లయినాయో నీకు తెలుసు కదా, నువ్వొకటి చెప్తే నేనొకటి వింటాను. ఇంకోటి, ఫోన్ ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. రాసేదే మేలు.

నడుముకు ఏమీ కాలేదు. గొర్రె అని చెప్పినాడు, గొర్రే. గొర్రెకు భయపడకూడదని చట్టం ఉందా వదినా?

మెకానిక్కుల దగ్గరికి, రంగులేసేవాళ్ళ దగ్గరికి మాత్రం పంపద్దు. వాళ్ళ నోళ్ళు ఊరికే ఉండవు. షెడ్డుకు అడ్డంగా పాత చీర కట్టు. ముందు ఎడమ పక్కే చెయ్యి. మిగతాది మెరిసినా మెరవకపోయినా పర్వాలేదు, ఎడమ పక్క శుభ్రంగా పోవాల.

అన్నను అడిగినానని చెప్పు. నేను డ్యూటీకి పోవాల.

నల్లమ్మ


ఉరవకొండ
డిసెంబరు, సోమవారం

నల్లమ్మకు ఆశీస్సులు.

రెండు సంగతులు చెప్పాల. మొదటిది చెప్పేదానికే నాకు నోరు రావడం లేదు. కారు ముందరి బానెట్ అంచున రంగు కాల్చేసినాను.

నీ మాట వినకుండా ఎడమ పక్క వదిలి, బానెట్ వెడల్పుగా ఉందని దాంతో మొదలుపెట్టినాను. గీతలు అరగదీసే కాంపౌండు పేస్టు రాసి, మీ అన్న మిషన్‌కు బొచ్చు ప్యాడ్ తగిలించి స్విచ్ వేస్తూనే అది చేతులోంచి దూకినంత పని చేసింది. మీ అన్న బండల మీద ఎట్ల చేస్తాడో ఇన్నేండ్లుగా చూస్తాండా కదా, ఒళ్ళు బరువంతా వేసి తొక్కిపట్టి తిప్పుతాడు. నేనూ అట్లే తొక్కిపట్టినాను. కమురు వాసన వచ్చింది. ఎత్తి చూస్తే అంచు పొడుగునా వక్క రంగు పోయి, లోపలి బూడిద రంగు తేలి ఉంది. గట్టిగా ఏడుపు వచ్చింది. శనివారం వరకూ దాని మీద ఒక పళ్ళెం బోర్లించి పెట్టినాను.

మీ అన్న వచ్చి పళ్ళెం తీసినాడు. వంగి చూసినాడు.

"ఇదేమన్నా కడప బండ అనుకున్నావా?" అన్నాడు. "బండను ఎంత లోతుకు అరగదీసినా బండే ఉంటుంది. దీనికి పైన ఉండేది ఉల్లిపొరంత. అంచుల్లో అదీ ఉండదు."

"నీ చేతిని చూసే నేర్చుకుంటిని" అన్నాను.

"అయితే తప్పు నాదేలే. ఈ మిషన్‌కు స్పీడు తగ్గించే మర కూడా లేదు. మా బామ్మర్ది వచ్చి చూసి నన్ను బండ కింద పెడతాడు, ఉండు" అని నవ్వినాడు.

ఆయన నవ్వినా నాకు నవ్వు రాలేదు. తమ్ముడి కష్టార్జితం అది. వాడు ఏమంటాడో అని దిగులుగా ఉంది. ఆ పొద్దే ఆయన పోయి, రంగులేసే ముత్యాలప్ప దగ్గర స్పీడు తగ్గే మిషన్ అడుక్కొని వచ్చినాడు. ఎవరి కారుకని ముత్యాలప్ప అడిగినాడంట, నువ్వు వద్దన్నావని ఆయన మాట దాటేసినాడు. మీ అన్నే దగ్గరుండి నేర్పించినాడు. రబ్బరు అంచులకు కాగితం టేపు అంటించేది, ఎండకు రేకు వేడెక్కకముందే పని ముగించేది, ప్యాడ్‌ను వాలనీకుండా పరచి, చంటిబిడ్డ వీపు నిమిరినట్ల మెల్లగా నడిపించేది. గీత పూడదంట, నల్లమ్మా. దాని చుట్టూ ఉన్నది గీతంత లోతుకు తగ్గితే అప్పుడు గీత కనపడదంట.

వెనక డిక్కీ మీద నా మొహం చూసుకున్నాను. అంత బాగా వచ్చింది. కాసేపు చిన్నపిల్ల మాదిరి సంతోషపడినాను.

ఇంక రెండో సంగతి. ఈ పొద్దున ఎడమ తలుపు మొదలుపెట్టినాను. వక్క రంగు మీద మసక మరక లాగా ఉండింది, దుమ్మనుకున్నాను. ప్యాడ్ తిప్పి ఎత్తి చూస్తే తెల్లటి బొచ్చు నీలంగా అయింది. ముదురు నీలం. డబ్బాలో వచ్చే రంగు మాదిరి.

గొర్రెకు నీలం రంగు యాడిది, నల్లమ్మా?

కృపాకుమారి


రాయదుర్గం

వదినకు,

జాబు అందింది. బానెట్ పోతే పోనీ, ఎవరికీ దిగులు లేదు. మిగతా ఎడమ పక్క కూడా చేసెయ్యి. తొందరగా చెయ్యి. ఆ ప్యాడ్ పారేసి, అన్నను ఇంకొకటి తెమ్మను.

వేరే ఏమీ అడగద్దు. నీకు దండం పెడతా.

నల్లమ్మ


ఉరవకొండ
డిసెంబరు, క్రిస్మస్‌కు ముందటి వారం

నల్లమ్మకు,

నీ జాబు చదివి మడిచి మళ్ళీ చదివినాను. ఇన్నేండ్లలో నువ్వు నాకు దండం పెడతా అని రాసింది లేదు.

పని ఆపేసినాను. ఎడమ పక్క సగమే అయింది, మిగతా సగంలో నీలం అట్లే ఉండాది. ప్యాడ్ పారేయలేదు. కవర్లో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టినాను.

వీధిలో పోతే ఇప్పుడు నాకు నీలమే కనపడతా ఉంది. నీలం రంగు సైకిల్, నీలం మోపెడ్, నీలం పాల క్యాను. ప్రతిదాని వెనకా ఒక మనిషి పడిపోయి ఉన్నట్ల అనిపిస్తుంది. చర్చికి సున్నం కొట్టే పనికి అందరితో పోయినాను. పాట ఎత్తుకోమని అడిగితే సున్నం బకెట్టు పట్టుకొని పక్కకు పోయినాను. మోకాళ్ళ మీద కూర్చొని దేవుని ముందర ఏమని అడగాల? నా తమ్ముడిని కాపాడమనా, వాని కారు కింద పడినవాళ్ళను కాపాడమనా?

నువ్వు నన్ను తుడవమన్నది గీతలనా, ఇంకేమన్నానా? కోపపడటం లేదు. నా చేతుల్తో ఏం తుడుస్తాండానో నాకు తెలియాల కదమ్మా.

మీ అన్నకు ఇంకా చెప్పలేదు.

కృపాకుమారి


రాయదుర్గం
పండగ మరునాడు

వదినకు,

ఈ జాబు కుట్టుపని గదిలో కూర్చొని రాస్తాండా. ఇంట్లో రాసేకి కాదు.

నాకూ తెలీదు వదినా. నా బిడ్డల మీద ఒట్టు, తెలీదు. ఆ పొద్దు సాయంత్రం వచ్చినాడు. కారు దిగలేదు, లోపలే కూర్చున్నాడు. నేను పోయి తలుపు తీస్తే "గొర్రె" అన్నాడు, అంతే. తాగేకి పెట్టిన బిందెలు రెండూ తెచ్చి కారు మీద కుమ్మరించినాడు. ఆ పొద్దు మేము పక్కింటి నీళ్ళు తాగినాం. అప్పటి నుంచి తాళం ముట్టుకోలేదు.

ఇంకోటి చెప్తా. మీ తమ్ముడు ఎప్పుడన్నా పేపరు చదివినాడా? ఇప్పుడు పొద్దున్నే టీ కొట్టుకు పోయి జిల్లా పేజీ వెతుక్కుంటాడు. ప్రమాదాల వార్తలు వేలు పెట్టి చదువుతాడు. చివరాఖరికి బజ్జీలు కట్టిచ్చిన కాగితం ముక్క కూడా విప్పి, నూనె మరకలుంటే వెలుతురుకు ఎత్తి పట్టి చదువుతాండాడు. గొర్రె చచ్చిందని పేపర్లో వేస్తారా వదినా?

అడగాలంటే భయం. గొర్రె కాదు అంటే నేనేం చెయ్యాల? ఆయన్ని పట్టుకుపోతే? అందుకే బండిని నీ దగ్గరికి తోలినా. మరక లేకపోతే అడిగే పని కూడా ఉండదనుకున్నా. నిన్ను పాపంలోకి లాగినా. నీ ఇష్టం, ఏమన్నా చెయ్యి. నాకు చేతకాలేదు.

నల్లమ్మ


ఉరవకొండ
జనవరి మొదటి వారం

నల్లమ్మకు, మీ వదిన ఆశీస్సులు.

ఈ జాబు నువ్వు చదివినాక తమ్ముడి చేతికి ఇవ్వు. నువ్వు చదివి వినిపించద్దు. వాణ్ణే చదువుకోనీ.

మొన్న మా ఇంటి ముందరి నుంచి ఒక మంద పోయింది. శనగ పీకిన చేన్లలో మేపేకి తోలుకుపోతాండారు. ఒక గొర్రె షెడ్డుకు కట్టిన చీర పక్కనుంచి రాసుకొని పోతే చెయ్యి అడ్డం పెట్టినాను. అరచేతికి ఎర్రరంగు అంటింది. చూస్తే ప్రతి గొర్రె వీపు మీదా ఎర్ర చార. "ఏమప్పా ఇది" అంటే, "గుర్తమ్మా. మందలు కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలిసేకి ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు పూస్తాం. నిన్న పూసినా, ఇంకా ఆరలా" అన్నాడు కాపరి. నేను పుట్టి పెరిగింది ఈ సీమలోనే. ఎన్ని మందల్ని చూసినానో. భయంలో అది తలపుకే రాలేదు.

మీ అన్నకు అప్పుడే అంతా చెప్పినాను. పోయి అడిగి రా అన్నాడు. ప్యాడ్‌ను సంచిలో పెట్టుకొని కళ్యాణదుర్గం మీదుగా మడకశిర బస్సు ఎక్కినాను. దారంతా ప్రార్థనే. గొర్రెదే కావాలని అడిగినాను, మళ్ళీ నాకే సిగ్గయి, నిజం ఏదైతే అది చూపించమని అడిగినాను.

మందలు ఎక్కువ తిరిగే చోట దింపమని కండక్టరును అడిగితే వాగు వంక మలుపు దగ్గర దింపినాడు, అక్కడ టీ కొట్టు ఉంది. ప్యాడ్ తీసి చూపించి, "ఈ రంగు ఎవరి మందదన్నా" అని అడిగితే, కొట్టాయన చూపుతోనే చెప్పినాడు. "తిప్పన్నది. ఆ గుడిసె. పో, ఇంటికాడే ఉండాడు. పోలేడు కదా మంద వెంట."

పోలేడు అన్న మాట పట్టుకొనే గుడిసె దాకా నడిచినాను.

తిప్పన్న మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఎడమ భుజానికి, చేతికి నాటు కట్టు, వెదురు బద్దలు. తలకు ఎర్ర టవల్. భార్య ఆంజినమ్మ రొట్టెలు తడుతా ఉంది. నేను దాచలేదు. "ఆ కారు నా తమ్మునిది" అన్నాను.

ఆంజినమ్మ చేతిలో రొట్టె అట్లే ఆపింది. "తమ్ముడు రాలేదా? అక్కను తోలినాడా? మీ ఇంట్లో మగోళ్ళు బయటికి పోరా?"

"నేను వచ్చింది వానికి తెలియదమ్మా."

"తెలిసేకి నిలబడి ఉంటే కదా" అంది.

తిప్పన్న నెమ్మదిగా చెప్పినాడు. సూడిగొర్రె రోడ్డు ఎక్కింది. దాన్ని గుంజుకోబోయినాడు. కారు గొర్రెకు తగిలింది, గొర్రె వచ్చి ఈయన మీద పడింది. ఇద్దరూ వంకలోకి దొర్లినారు. గొర్రె చచ్చిపోయింది, కడుపులో పిల్లతో కూడా. ఈయన భుజం ఎముక విరిగింది. కట్టు సరిగా కూడలేదని మళ్ళీ విప్పి కట్టినారంట. మంద వెంట ఆంజినమ్మ ఒక్కతే పోతాంది.

"పోలీసుల దగ్గరికి పోయినావా తిప్పన్నా?" అని అడిగినాను.

"ఎవరి పేరు చెప్పేకి? బండి నంబరు చూసేలోపల మొగం మన్నులో ఉంది నాకు. గొర్రె పోయిందని కాదమ్మా. ఆ మలుపులో కారు నిలబడి, దిగి, బతికినావా ఏమప్పా అని ఒక్క మాట అడిగింటే నేనే పొమ్మందును. తప్పు గొర్రెది కూడా ఉండె."

"ఇప్పుడు పిలుచుకొస్తే?"

"పిలుచుకొచ్చేదేంది. ఆయప్ప కాళ్ళు లేవా? బతికే ఉండానని చెప్పు పో. అడిగేకి మాత్రం ఆయప్పే రావాల."

పోయేటప్పుడు ఆంజినమ్మ నా చేతిలో ఒక రొట్టె, చట్నీ పెట్టింది. కోపంగానే పెట్టింది. బస్సులో తిన్నాను.

యేసన్నా, నాయనా, ఇది నీ కోసం రాసింది. ఆ మనిషి బతికే ఉండాడు. ఇంక పేపరు చూడద్దు.

మీ అక్క


రాయదుర్గం

అక్కకు యేసన్న రాయునది.

నేనెప్పుడూ జాబు రాయలేదు, తప్పులుంటే ఏమనుకోవద్దు.

ఎడమ పక్క అద్దంలో చూసినా అక్కా. గొర్రె కాదు నాకు కనపడింది. ఎర్ర టవల్ పైకి లేచి కిందికి పోయింది. మళ్ళీ మనిషి లేయలేదు. వచ్చే మలుపులో ఆపుదాం అనుకున్నా. మలుపు వచ్చింది. ఇంకో మలుపులో అనుకున్నా. అట్ల అనుకుంటానే కళ్యాణదుర్గం వచ్చేసింది. అప్పుడు ఇంక వెనక్కి తిప్పేకి చేతులు రాలేదు. మనిషిని చంపినానని అనుకుంటానే ఇన్ని దినాలు మీ అందరి ముందర అన్నం తిన్నా.

నల్లమ్మ నీ జాబు ఇచ్చి బయటికి పోయింది. చదివి ఈ జాబు రాసేకి కూర్చున్నా.

శనివారం పాపన్న బస్సుకు వస్తా. నేనే నడుపుతా, నువ్వు పక్కన కూర్చో. ఎడమ తలుపు మీద నీలం ఉంటే తుడవద్దు అక్కా. అట్లే ఉండనీ. ఆయప్ప చూడాల.

నీ తమ్ముడు
యేసన్న


ఉరవకొండ
మరుసటి సోమవారం

నల్లమ్మకు, మీ వదిన ప్రేమతో.

తమ్ముడు మడకశిర కాడే ఉన్నాడు. భయపడద్దు, ఎవరూ పట్టుకోలేదు. ఎందుకు ఉన్నాడో చెప్తాను.

శనివారం దిగుతూనే షెడ్డులోకి పోయి కారు చుట్టూ తిరిగినాడు. డిక్కీ అద్దంలా ఉంది, ఎడమ పక్క సగం మెరుస్తా సగం మురికిగా ఉంది. బానెట్ కాడ ఆగినాడు. "నేనే చేసినాను నాయనా, తొక్కిపట్టినాను" అన్నాను. కాలిన అంచు మీద వేలు పెట్టి నిమిరి, "నేను చేసింది దీనికంటే ఎక్కువే కదక్కా" అన్నాడు. మీ అన్న నన్ను చూసి, "బండ కింద పెట్టేది తప్పిందిలే" అని గొణిగినాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరినాం. తాళం తిప్పేకి ముందు తమ్ముడు ఒకసారి నా పక్క చూసినాడు. మలుపు ముందర కారు నిలిపి, దిగి, ఆ వంక దాకా నడిచిపోయి చూసి వచ్చినాడు. తర్వాతే గుడిసె దగ్గరికి పోయినాం.

తిప్పన్న ముందర చేతులు కట్టుకొని నిలబడినాడు. "బతికినావా అన్నా?" అన్నాడు.

"ఇప్పుడడగతాండావా?" అన్నాడు తిప్పన్న. లేచి వచ్చి, బాగున్న చెయ్యి తలుపు మీద పెట్టి చూసినాడు. "ఊ. నా రంగే." చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, బండికి సగమే స్నానం చేయించినావు?" అన్నాడు. ఆంజినమ్మ నవ్వు ఆపుకోలేక మొగం తిప్పుకుంది.

తమ్ముడు జేబులో చెయ్యి పెట్టబోతే తిప్పన్న వద్దన్నాడు. "దుడ్లు గొర్రెలు మేపవు. ఈ చెయ్యి కూడేదాక మంద వెంట నువ్వు పోవాల. నా ఆడమనిషికి కాళ్ళు వాచినాయి." తమ్ముడు సరేనన్నాడు. ఆంజినమ్మ కట్టె అందిస్తే తీసుకున్నాడు. పట్టుకునేది కూడా తెలియక స్టీరింగు మాదిరి రెండు చేతుల్తో పట్టుకుంటే, "తిప్పద్దు, ఊరికే పట్టుకో" అని ఆమె ఎగతాళి చేసింది. కారు గుడిసె పక్కనే నిలిపినాం. సాయంత్రం లోపలే గొర్రెలు దానికి ఒళ్ళు రుద్దుకొనేసరికి అది మళ్ళీ మన్నుకొట్టుకుపోయింది. బానెట్ మీద ఆంజినమ్మ మిరపకాయలు ఆరబోసింది. నా కష్టమంతా అట్ల పోయింది, నాకు మాత్రం బాధ లేదు.

వచ్చే ఆదివారం నువ్వు పోయి చూసి రా. వాని పాత తోలు చెప్పులు తీసుకుపో. వేసుకొచ్చిన బూట్లు ముళ్ళలో పనికి రావు. పాత లుంగీ కూడా.

ఒకటి చెప్పడం మరిచినాను. నా బస్సు వచ్చే ముందర ఆ టీ కొట్టులో తమ్ముడు బజ్జీలు కట్టించినాడు. కాగితం ప్రమాదాల పేజీనే, ఫోటో కూడా ఉంది. నేను వాని మొహమే చూస్తాండాను. తమ్ముడు బజ్జీలు తిని, ఆ కాగితంతోనే చేతుల నూనె తుడుచుకొని, నలిపి పారేసి, మంద వెనక పోయినాడు.

మీ వదిన
కృపాకుమారి